పైడయ్య కొట్టిన అనంతం

లెక్కల పరీక్ష పేపరు ఈ ఏడాది రత్నాలు టైపు చేస్తుందని విన్న దగ్గర్నుంచి పైడయ్యకి కడుపు మండిపోతోంది. అరకు మొత్తానికి టైపు మిషను మీద లెక్కల గుర్తులు కొట్టగలిగేవాడు తనొక్కడే అనుకుని ఇన్నాళ్లూ బతికినవాడాయె. నిన్నగాక మొన్న తన ఆఫీసులో చేరిన పిల్ల గుంటకి ఆ పేపరా? అందుకే అసిరమ్మ టీకొట్టులో లెక్కల మేస్టారు సింహాచలం కనిపించగానే పక్కన చేరాడు. ఎలాగైనా ఆ పేపరు మళ్లీ తన చేతికే రావాలి.

మొదట చిన్నగానే అందుకున్నాడు. మిషనుకి వర్గమూలం మీట ఉండదు కదా, మరి తనేం చేశాడు? ఇంగ్లీషు వీ కొట్టి, రోలరు కాస్త వెనక్కి తిప్పి, పక్కనే పైన అడ్డగీత లాగించాడట. అంతవరకూ నిజమే. మేస్టారు కూడా తలూపాడు. ఆ తలూపు చాల్లేదు పైడయ్యకి. రత్నాలు పేరెత్తితే ఆయన మొహం ఇంతకంటే విప్పారుతుంది మరి.

"గీత కింద పదహారు కొట్టినానా, కాయితం బైటికి లాగీసరికి అక్కడ నాలుగుంది మేస్టారూ. లెక్క దానంతటదే అయిపోనాది."

"అయితే పిల్లలకింకేటి పని బాబూ?" అంది అసిరమ్మ, టీ వడగడుతూ.

మేస్టారు మీసం చాటున నవ్వాడు. ఆ నవ్వు చూసి పైడయ్యకి ఒళ్లు మండింది. మండేకొద్దీ కథ పెరిగింది.

"అది కాదు మేస్టారూ, అనంతం సంగతినండి. ఎనిమిదిని పడుకోబెట్టాలి కదా, కాయితం అడ్డంగా ఎక్కించి ఒక్క దెబ్బ కొట్టినాను. ఆ తరవాత ఏటయినాదో ఎరికేటి?"

కాగితం ఆగలేదట. రోలరు దానంతటదే తిరుగుతూ, కాగితం కిటికీలోంచి దూకి, కాఫీ తోటల మీదుగా స్టేషనుకి పోయి, ఇనపరాయి మోసే గూడ్సుబండికి చుట్టుకుని, బొర్రా సొరంగాలన్నీ దూరి విశాఖ రేవులో దిగిందట. అక్కడ ఓడకి కూడా చుట్టుకుని అది కదల్లేకపోతే, కాస్త తుంచమని కెప్టెను తనకి టెలిగ్రాం కొట్టాడట. తుంచితే అనంతం ఎలాగవుతుందని తను ఒప్పుకోలేదట.

"ఇప్పటికీ వస్తానే ఉంది. ఆ గుంట కొడితే వస్తాదేటండి? పేజీ అవగానే ఆగిపోద్ది."

మేస్టారు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, సంచీ భుజాన వేసుకుని లేచాడు.

"అందుకే ఆవిడకిచ్చాను పైడయ్యా. మా పరీక్ష మూడు గంటలే."