మెయిన్ ఆపకుండా

అదిగో, మళ్ళీ ఎర్ర లైటే! నేనేమన్నా కలగన్నానా? నీ కళ్ళతో నువ్వే చూసుకో. రెండు నెలలు తిరక్కుండా ఈ మిషనులో కాలిన మూడో డ్రైవు డబ్బా ఇది. మూడోది! కాల్చడానికి నీకు నా షెడ్డే దొరికిందట్రా?

పదిహేను రోజుల తర్వాత అక్క గడప తొక్కావు. బాగున్నావా అన్న మాట లేదు, మంచినీళ్ళిమ్మన్న మాట లేదు. సరాసరి వచ్చి పెట్టె మూత విప్పుతున్నావు. విప్పు, విప్పు. నీ వైరింగేగా, నువ్వే చూసుకో.

అసలు నిన్నెవరడిగారురా ఈ మిషను? నేనడిగానా? ముప్పై ఏళ్ళు ఉలితో అక్షరాలు చెక్కి బతికినదాన్ని. ఈ చుట్టుపక్కల ఏ గేటు చూసినా, దానికున్న పేరు నా చేత్తో చెక్కిందే. బొటనవేలి కీలు అరిగిపోయింది, ఉలి నిలవట్లేదు అని ఒకరోజు నీ దగ్గర ఏడ్చిన మాట నిజమే. తోడబుట్టినవాడివి కదా అని ఏడ్చాను. దానికి నువ్వేం చేశావ్? నాలుగు పట్టాలు, మూడు మోటార్లు, గుప్పెడు తీగలు పట్టుకొచ్చి ఇక్కడ దించావు. ‘నువ్వు కంప్యూటర్లో అక్షరం గియ్యక్కా చాలు, చెక్కే పని దీనిది’ అన్నావు.

పెద్ద వరమిచ్చినట్టు!

ఆ రోజు నీ హడావిడి గుర్తుందా? మోటారు నుంచి నాలుగు తీగలొచ్చాయి. ఏ రెండు ఒక జతో పైకి చూస్తే తెలీదు. రెండు కొసలు కలిపి పట్టుకుని, నన్ను ఇరుసు తిప్పి చూడమన్నావు. తేలిగ్గా తిరిగింది. తీగ మార్చావు. ఈసారి ఇరుసు మొరాయించింది. ‘బిగిసిందా? అదీ జత!’ అని ఎగిరి గంతేశావు, నలభై ఐదేళ్ళ మనిషివి. నేనూ నవ్వాను. నా బుద్ధి గడ్డి తిని నవ్వాను.

మూణ్ణాళ్ళు కూడా కాలేదు ఆ ముచ్చట. మొదటి వారమే, అడ్డంగా నడిపే మోటారు పడుకుంది. సున్నా చెక్కమంటే అది చెక్కిందేంటి? నిలువుగా ఒక గీత! మంచి టేకు చెక్క, పొయ్యిలోకి పోయింది. డ్రైవంటే ఏముందిరా, అరచెయ్యంత డబ్బా. మోటారుకి అడుగడుక్కీ కావలసినంత కరెంటు అందించడమేగా దాని పని? ఆ మాత్రం డబ్బా కూడా నీ చేతిలో నిలబడకపోతే ఎలా?

వచ్చావు, కాదన్నానా. మీటరు పెట్టి తీగ తీగనీ తడిమావు. డబ్బా పక్కనున్న బుల్లి స్విచ్చులు జరిపి కరెంటు తగ్గించావు. ఈ మోటారు డబ్బా ఆ మోటారుకి, దానిది దీనికి మార్చి చూశావు. డబ్బాతోపాటే జబ్బూ అటు పోయింది. ‘తీగలు బాగున్నాయి, మోటారు బాగుంది, డబ్బా ఒక్కటే చచ్చింది’ అన్నావు. కొత్తది బిగించావు. వెళ్తూ వెళ్తూ ఒక్క మాటడిగావు. ‘మోటారు ప్లగ్గు ఎవరైనా ముట్టుకున్నారా అక్కా?’

లేదన్నాను. రెండోది కాలినప్పుడూ అదే ప్రశ్న. మూడోది కాలినప్పుడు ఫోన్లో మళ్ళీ అదే ప్రశ్న. ఎన్నిసార్లడుగుతావురా? నేనేమన్నా దొంగనా?

అవును, అన్నాను! ఆ మూడోది కాలాక వచ్చిన ఆదివారం, అందరూ భోజనాల దగ్గర కూర్చున్నప్పుడే అన్నాను. ‘వాడి చెయ్యి పాడైపోయింది, వాడు తీగ కలిపితే డబ్బా కాలుతోంది’ అని. నువ్వు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయావు. ఉన్నమాటంటే అంత ఉడుకెందుకు?

మీ బావ వెళ్ళి ఆ క్లినిక్ బిల్డరు చెవిన వేస్తాడని నాకేం తెలుసు? కొత్త క్లినిక్ వైరింగు నీకిమ్మని చెప్పిందీ ఆయనే, వద్దని చెప్పిందీ ఆయనే. మధ్యలో నేనెవర్ని? ‘రోగులుండే చోటు, ఏదన్నా కాలితే ఎవరు జవాబు చెబుతారు’ అన్నాడట బిల్డరు. అందులో తప్పేముంది? నువ్వే చెప్పు.

పొద్దున మరదలు ఫోన్ చేసింది. ఒకటే ఏడుపు. ‘ఇవాళ సాయంత్రం ఆ పని వేరేవాళ్ళ చేతికి పోతుంది వదినా. ఈయన టూల్ బ్యాగు ఎవరికో ఇచ్చేస్తానంటున్నారు. రేపట్నుంచి గోడౌన్ కాపలాకి వెళ్తారట’ అంది. ఇరవై రెండేళ్ళుగా నువ్వు వైరింగు చేసిన ఏ ఇంట్లోనూ బల్బు కూడా మినుకుమనలేదట. నాకు చెబితే నేనేం చెయ్యను? నేను పొమ్మన్నానా కాపలాకి?

ఏంటది, నాలుగో డబ్బానా? ఇంకా ఆశ చావలేదన్నమాట. బిగించు. ఇదెన్నాళ్ళుంటుందో చూస్తాను.

ఆన్ చేశావా? ఊఁ, పచ్చ లైటు. మొదలెట్టింది సన్నగా కూయడం. ఇదిగో, పట్టాల మీది బండి అప్పుడే బిగుసుకుంది, తోస్తే కదలదు. కరెంటున్నంతసేపూ ఇంతే, నన్ను చెయ్యి పెట్టనివ్వదు మహాతల్లి. సరే, వెలిగిందిగా, ఇక మూత పెట్టి...

ఆగు! ఒరేయ్, ఆగు! ఆ మోటారు ప్లగ్గు వదులు! మెయిన్ ఆపకుండా పీకుతావేంట్రా, డ్రైవు చచ్చిపోతుంది!

...

ఏంటలా చూస్తావు?

నువ్వే చెప్పావుగా. చెప్పలేదూ? ముట్టుకోవద్దన్నావు... అంతేనా అన్నావు? ముట్టుకుంటే ఏమవుతుందో చెప్పలేదా?

లేదు. చెప్పలేదు. నిజమే.

కావాలనే చెయ్యి పెట్టావు కదూ? నేను అరుస్తానా లేదా అని. ఎంత జిత్తులమారివిరా నువ్వు! తోడబుట్టినదానికే వల పన్నావు.

కూర్చో. నిలబడి అలా చూడకు, చెబుతాను.

మొదటిసారి నాకు నిజంగా తెలీదు. అక్షరం అంచున రవ్వంత గరుకు మిగిలింది. ఉలైతే నా చేత్తో నేనే రెండు సార్లు లాగేదాన్ని. బండిని కాస్త పక్కకి జరుపుదామంటే కదల్లేదు. మోటారు ప్లగ్గు పీకితే వదులవుతుంది కదా అనుకున్నాను. పీకాను. టప్ మని చిన్న నిప్పురవ్వ వచ్చింది. పచ్చ లైటు పోయి ఎర్రదొచ్చింది. మళ్ళీ గుచ్చేసి చెక్కించబోతే, సున్నాకి బదులు ఆ గీత పడింది. ఏమీ ఎరగనట్టు నీకు ఫోన్ చేశాను. అరవై దగ్గర పడ్డాక తమ్ముడి ముందు తెలివితక్కువదాన్నవడం ఇష్టం లేక.

రెండోసారి, అదేనా కాదా తేల్చుకుందామని పీకాను. అదే.

మూడోసారి తెలిసే పీకాను.

అలా తల దించుకోకు. విను. ఆ రోజు పళ్ళ డాక్టరొచ్చాడు. పన్నెండేళ్ళ కిందట ఆయన మొదటి బోర్డు చెక్కింది నేనే. నాలుగు రోజులు పట్టింది, అరచేతిలో బొబ్బలు లేచాయి. ఈసారి కొత్త బోర్డుని ఈ మిషను గంటన్నరలో చెక్కేసింది. ఆయన అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా రాసి చూశాడు. ‘ఇప్పుడు బాగా వస్తున్నాయమ్మా’ అన్నాడు.

ఇప్పుడు! విన్నావా? ఇప్పుడట!

ఆయన్ని గేటు దాకా సాగనంపి వచ్చాను. ఇది పచ్చ లైటు పెట్టుకుని కూస్తూ కూర్చునుంది. లాగేశాను. నువ్వేమన్నా అనుకో, హాయిగా అనిపించింది.

నీ మీదకొస్తుందని తట్టలేదు.

అబద్ధం. తట్టింది. అందుకే భోజనాల దగ్గర నేనే ముందు నోరు తెరిచాను. ఇంట్లో అందరూ నా గురించి ‘పాపం, ఆవిడ చెయ్యి పోయింది’ అనుకుంటున్నారని నాకు తెలీదనుకున్నావా? నీ చెయ్యీ పోయిందంటే నాకొక తోడు దొరికినట్టయింది. అంత పాపిష్టి మనసు నాది. చాలా, ఇంకా వినాలా?

ఏంటిది, ఫోను నాకిస్తావేం? ఎవరికి చేశావు? బిల్డరుకా? ఇప్పుడేనా? మీ బావ రానీ, ఆయనతో చెప్పిస్తాను... తల అడ్డంగా ఊపకు. మోగుతోంది. ఒరేయ్, మోగుతోందిరా...

హలో. నమస్కారమండీ. నేను, బోర్డులు చెక్కే ఆవిణ్ణి. ఎలక్ట్రీషియన్ అక్కని. మా ఆయన మీతో అన్నది నా మాటేనండీ. అది అబద్ధం. మా తమ్ముడి వైరింగులో ఏ తప్పూ లేదు. ఆ డబ్బాలు కాల్చింది నేను. ఆఁ, నేనే, నా చేత్తోనే. ఎందుకా? అది మీకెందుకులెండి. ఉన్నాడండీ, ఇక్కడే ఉన్నాడు. పంపిస్తాను.

విన్నావుగా. నాలుగింటికి వచ్చి డ్రాయింగులు తీసుకెళ్ళమన్నాడు. వెళ్ళు, నీ బ్యాగు నువ్వు తీసుకో.

ముందు నన్ను తిట్టు. నోటికొచ్చినట్టు తిట్టరా. తిట్టవు. తిడితే నాకు బరువు దిగుతుందని నీకు తెలుసు.

వెళ్ళే ముందు ఆ మెయిన్ ఆపు. ఆపావా? ఇప్పుడు పీకు. విప్పదీసి పట్టుకుపో, నా కళ్ళ ముందు ఉండొద్దు ఇది.

ఆగాగు. ఉంచు. ఎల్లుండికి స్కూలు బోర్డు ఇవ్వాలి, ఈ వేలితో నావల్ల కాదు. ఉంచు గానీ, ఆ ప్లగ్గు మీద రేకు పెట్టి స్క్రూలు బిగించి పో. స్క్రూడ్రైవరు కూడా నీతోనే పట్టుకెళ్ళు. రేపింకెవడో వచ్చి ‘ఇప్పుడు బాగా వస్తున్నాయమ్మా’ అంటే, నా చెయ్యి ఊరుకుంటుందని నేనైతే పూచీ ఇవ్వలేను.