అడిగితే ఆగే దారి

సమస్త సిబ్బందికి ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, ఈ హాల్లో వెనక వరుసలోని కిర్రుకుర్చీలో కదలకుండా కూర్చోగలిగినవారు మాత్రమే కూర్చోవలెను. ఉల్లంఘించినవారికి నా ప్రసంగం రెండోసారి వినిపించబడును. (నవ్వులు)

అధ్యక్షులు మేనేజరు గారికి, ముందు వరుసలోని పెద్దలకు, టీ ఇస్తారనుకుని వచ్చి ఇరుక్కుపోయిన మిత్రులకు నమస్కారం. ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మా పెద్దక్క గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఆవిడ ప్రోగ్రాములు రాసేది, నేను సర్వర్ల గదిలో కూర్చుని వాటిని నడిపేవాణ్ణి. డిగ్రీ రెండో ఏట చదువు నన్ను వదిలేసింది, నేనూ బతిమాలలేదు.

ఆసుపత్రికి రక్తపరీక్షల ఫలితాలు పంపే ప్రోగ్రాము మాది. అందులో పన్నెండు థ్రెడ్లు, అంటే ఒకే కొట్టులో ఒకేసారి పనిచేసే పన్నెండుమంది పనివాళ్ళనుకోండి. ఫలితాలు రాసే పుస్తకానికి తాళంచెవి ఒక్కటే. ఎవరు రాస్తుంటే వాళ్ళ చేతిలో ఉంటుంది. ఎనిమిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం వాళ్ళలో ఒకడు నత్తనడక నడుస్తుంటే, ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది, వెంటనే ఆపెయ్యమన్నారు, నేను ఒక్క ఆదేశంతో వాడి పీక నొక్కేశాను. వాడు తాళంచెవితో సహా పోయాడు. మిగతా పదకొండుమందీ దానికోసం సాయంత్రందాకా నిలబడే ఉన్నారు. అక్కడ నర్సులు ఫలితాలు చీటీల మీద రాసుకుని మెట్లెక్కి దిగారు.

విచారణలో ఫోను సంగతి చెప్పాను. అయినా నా ఉద్యోగం ఊడేదే. పెద్దక్క లేచి, "ఆపమనడం వాళ్ళ తప్పు కాదు, ఆపడం ఇతని తప్పూ కాదు. అడిగితే ఆగే దారి నేను పెట్టలేదు" అంది. అదే కాగితం మీద రాసి సంతకం పెట్టింది. ఆ ఏడు ఆవిడకి రావలసిన మేనేజరు కుర్చీ ఇప్పటి అధ్యక్షులవారికి వెళ్ళింది. కూర్చోండి సార్, మిమ్మల్ని లేవమనడం లేదు. (నవ్వులు)

ఆ తర్వాత మూడు నెలలు కూర్చుని మొత్తం తిరగరాసింది. ఇప్పుడు మేమెవరినీ చంపం, ఒక జెండా ఎత్తుతాం. ప్రతి పనివాడూ చేతిలో ఉన్న ఫలితం రాయడం పూర్తిచేసి, తాళంచెవి తిరిగిచ్చి, తలెత్తి చూస్తాడు; జెండా కనిపిస్తే తనంతట తానే వెళ్ళిపోతాడు. కబురు కోసం ఎదురుచూస్తూ కునుకు తీసేవాణ్ణి మాత్రం గంట కొట్టి లేపాలి. అడగ్గానే కదిలేవాడు మా బావమరిదితో సహా ఈ లోకంలో లేడక్కా అని నేను ఎగతాళి చేశాను.

"వాడెప్పుడు తలెత్తాలో రాయడం నా పని. జెండా ఎత్తి ఊరుకోవడం నీ పని. నీదే కష్టం" అంది.

నిజమే. ఆగడానికి వాడికి రెండు సెకన్లు పట్టేది, ఆ రెండు సెకన్లూ నా వేలు దురద పెట్టేది.

(మంచినీళ్ళు తాగి)

ఇంకొక్క సంగతి. ఆ రోజు ఫోను రాలేదు. ఆసుపత్రి నుంచే కాదు, ఎక్కడి నుంచీ రాలేదు. వాడి పని తెమిలేలోపు సెలూన్ మూసేస్తారని నా తొందర నాది. ఫోనును విచారణ గది గుమ్మం దగ్గర పుట్టించాను, ఇందాక మీకూ అదే వినిపించాను. ఆ ఫోను చేసిందెవరని పెద్దక్క ఒక్కసారీ అడగలేదు. ఈ ముక్కే రాసి సంతకం పెట్టి, పొద్దున అధ్యక్షులవారి బల్లమీద ఉంచాను. వారింకా కవరు విప్పినట్టు లేదు. విప్పేదాకా మీ తోటి ఉద్యోగిగా అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటూ, సెలవు.