చెంచమ్మకు పూచీపడ్డ మదార్‌బీ గారు

1932వ సంవత్సరం జూన్ పదవ తేదీన, అల్లూరుకు తూర్పున సముద్రపుటొడ్డున ఉన్న మన దిబ్బపాలెం బోర్డు పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరిన శ్రీమతి మదార్‌బీ గారు ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు. గూడూరులో దర్జీ మీరా మొహిద్దీన్ గారి జ్యేష్ఠపుత్రికగా జన్మించిన ఆమె, ఈ ఇసుక పర్రలో అడుగుపెట్టిన తొలినాళ్లలో చేపలు ఎండబెట్టే చోటికే వెళ్లి బాలికలను రెక్కపట్టి బడికి తెచ్చేవారు. కోపం ముక్కుమీదే ఉండేదని ఆనాటి శిష్యురాళ్లు ఈనాటికీ చెంపలు తడుముకుంటూ చెబుతారు.

ఆ దినాలలో స్త్రీలకు ఓటు ఉన్నదంటే ఉన్నది, లేదంటే లేదు. శిస్తు కట్టే ఇళ్ల ఇల్లాండ్రకు, చదువు నేర్చినవారికి మాత్రమే ఆ హక్కు. అక్షరాస్యురాలు కావడంచేత 1937లో ఓటు వేసి వచ్చిన మదార్‌బీ గారికి సంతోషంకంటే సిగ్గే ఎక్కువ కలిగిందట. తట్ట నెత్తిన పెట్టుకుని ఇల్లు నడిపే పాలెం స్త్రీ తనకంటే దేనిలో తక్కువ? స్వాతంత్ర్యానంతరం వయోజనులందరికీ ఓటు వచ్చినా ఆ చిక్కు తీరలేదు. పరాయి మగవాడికి తమ పేరు చెప్పకూడదన్న ఆచారంవల్ల మన స్త్రీలు ‘ఫలానావాడి భార్య’గానే నమోదై, సొంత పేరు లేదన్న కారణంచేత 1952 నాటికి జాబితానుంచి తొలగింపబడ్డారు. ఆపైన మదార్‌బీ గారు గడపగడపా తిరిగి, బతిమాలీ కసిరీ, వారి పేర్లు వారిచేతనే చెప్పించారు.

1962 ఎన్నికలలో ఆమె మన పాలెంలోనే స్త్రీల వరుసకు పోలింగు అధికారిణి. పాలెంలో సగంమంది చెంచమ్మలు, తక్కిన సగం పోలేరమ్మలు! భర్త పేరు చెబితే తప్ప ఎవరెవరో తేలదని ప్రిసైడింగు ఆఫీసరు జయరామయ్య గారు పట్టుబట్టారు. భర్త పేరు పలికితే అతని ఆయుష్షు తరుగుతుందని పాలెం నమ్మకం. పైగా ఆనాడు మగవారంతా సముద్రం మీద చేపల వేటకు పోయి ఉన్నారు.

వరుసలో ముందున్న చెంచమ్మ తల అడ్డంగా ఊపింది. “ఆయన నడిసముద్రంలో ఉండాడు. ఎట్టా చెప్పేది పంతులమ్మా?”

“చెప్పు. ఏం కాదు, నాదీ పూచీ,” అన్నారు మదార్‌బీ గారు.

చెంచమ్మ కళ్లు మూసుకుని, “చిన్నపోలయ్య” అన్నది. ఓటు వేసింది. వెనకున్నవారు మాత్రం బిక్కచచ్చి వెనుదిరగబోయారు. అప్పుడు మంత్రసాని ముసలమ్మ ముందుకు వచ్చి, వరుసలో తరువాతి ఇల్లాలి భుజం పట్టుకుంది.

“ఆళ్లని అడగబాకండయ్యా! ఈళ్ల మొగుళ్లందర్నీ భూమ్మీద ఏసింది ఈ చేతులే. దీని మొగుడు పోలేరయ్య. కాళ్లు ముందొచ్చి నన్ను ఏడిపించినాడు!”

అవుననో కాదనో ఇల్లాలు తల ఊపితే చాలునని మదార్‌బీ గారు వాదించారు. అభ్యర్థుల ఏజెంట్లూ అభ్యంతరం చెప్పలేదు. జయరామయ్య గారు నవ్వు ఆపుకుంటూ సరేనన్నారు. పాలెం స్త్రీలందరూ ఓటు వేశారు.

కథ అంతటితో ముగిస్తే బాగుండేది. మధ్యాహ్నం గాలి మారింది. పొద్దు వాలేసరికి పడవలన్నీ ఒడ్డు చేరాయి, చిన్నపోలయ్యది తప్ప. చెంచమ్మ ఇసుకలో కూలబడింది. ఎవరూ నోరెత్తి అనలేదు గాని, చూపులన్నీ పంతులమ్మ మీదనే. ఆ పడవ రాకుంటే ఇక తరతరాలు ఆ పాలెంలో ఏ ఆడదీ ఓటు మొహం చూడదని మదార్‌బీ గారికి తెలుసు. అంతకుమించి, చెంచమ్మ మొహం తాను చూడలేనని తెలుసు. ఓట్ల పెట్టెలు సర్దుకుని జీపు ఎక్కమన్న జయరామయ్య గారితో, “పూచీపడినదాన్ని, ఎట్లా వస్తాను?” అని చెంచమ్మ పక్కనే చతికిలబడ్డారు.

మసక చీకట్లో దక్షిణపు ఒడ్డు వెంట, చిరిగిన తెరచాప భుజాన వేసుకుని ఒక మనిషి నడిచి వచ్చాడు. పడవ కొట్టుకుపోయి అవతలి పాలెంలో ఒడ్డుకు పడిందట. సంగతి విని చిన్నపోలయ్య విరగబడి నవ్వాడు.

“నువ్వు పేరు చెప్తే చాప చిరిగిందా? నేను కుట్టకండా బోతే చిరిగిందే, పిచ్చిదానా!”

చెంచమ్మ మొదట తిట్టింది, తరువాత ఏడ్చింది. మదార్‌బీ గారికి పోయిన ప్రాణం లేచి వచ్చినట్లయింది. ఆమె కన్నీరు పెట్టడం మేము చూసింది ఆ ఒక్కసారే.

మొన్న చెంచమ్మ బడికి వచ్చి, “ఓట్లనాడు ఎప్పుడు జూసినా బల్లకి ఆపక్కనే కూచుంటావు. నీ ఓటు ఎప్పుడేసినావు పంతులమ్మా?” అని అడిగింది. మదార్‌బీ గారు జరిగిన ఎన్నికలను వేళ్లమీద లెక్కపెట్టుకున్నారు. ప్రతి ఎన్నికలోనూ విధి నిర్వహణలోనే ఉండిపోయిన ఆమెకు, 1937 తరువాత స్వయంగా ఓటు వేసిన జ్ఞాపకమే లేదు.

“అయితే వచ్చే యేడు ఓట్లకి మాతో వరసలో నిలబడు. నీకు నేను పూచీ,” అన్నది చెంచమ్మ.

మాన్య సహోద్యోగిని మదార్‌బీ గారికి సర్వేశ్వరుడు నిండు నూరేళ్ల ఆయుస్సును, చెదరని ఆరోగ్యాన్ని, ఆ వరుసలో మరెన్నో మార్లు నిలబడగల కాళ్ల సత్తువను ప్రసాదించుగాక!