తెరమీద నూరు ఫిడేళ్ళు

"నేను కోతలు కోసేవాణ్ణి కాదప్పా. చూసింది చూసినట్టు చెప్తా. ఇష్టముంటే ఇనండి, లేకుంటే టీ తాగి పొండి."

ఫకీర్ సాహెబ్ ఇట్లా మొదలుపెట్టాడంటే ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర లాల్ బాషా టీ అంగడిలో ఎవరూ లేచిపోరు. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన మరుసటేడు మాట ఇది. ఫకీర్ సాహెబ్ నాటకాలకు ఫిడేలు వాయిస్తాడు. వాయించేవాడు అనాలి. పులివెందుల నాటకాల కంపెనీ పాలయ్య కిందటేడు ఆయన్ను మాన్పించి, కడప నుంచి ఇంకొకాయన్ను పెట్టుకున్నాడు. ఆ ఇంకొకాయన సరిగ్గా నాటకాల సీజను ముందర, సినిమాల్లో వాయిస్తానని మద్రాసు రైలెక్కేశాడు.

ఆ మధ్యాహ్నం పాలయ్య అదే బెంచీమీద నాలుగు గంటల పులివెందుల బస్సు కోసం కూర్చుని ఉన్నాడు. ఫకీర్ సాహెబ్ ఫిడేలు పెట్టె ఎందుకు తెచ్చుకున్నాడో మాకందరికీ తెలుసు. పాలయ్యకూ తెలుసు. ఈ పూట ఈయన ఊఁ అనకపోతే ఫకీర్ సాహెబ్‌ను పిలిచే కంపెనీ ఈ చుట్టుపక్కల ఇంకొకటి లేదు. కానీ నోరు తెరిచి నన్ను పెట్టుకోమని అడిగే మనిషి కాదాయన.

"రెండు నెల్లయింది. జమ్మలమడుగులో మిషన్ కాంపౌండులో సినిమా ఏసినారు. యేసాలు కట్టి పాటలు పాడే సినిమా గాదు. దొరల సీమదేశంలో పెద్ద కచేరి చేస్తాంటే దాన్ని అట్లనే ఫిలింలో పట్టుకోని తెచ్చినారు. నాకు పిలుపొచ్చింది."

"నీకెవరు పిలుపిచ్చినారు మామా?" అన్నాడు లాల్ బాషా, టీ వడగడుతూ.

"ఎవరేందిరా, మిషన్ దొరే! ఫిడేలు కచేరి ఏస్తాండాం, ఫిడేలు తెలిసినోడు ఒగడన్నా ముందర ల్యాకుంటే బాగుండదు అని కుర్చీ ఏయించినాడు. మొదటి వరస. నా పక్కన డాక్టరమ్మ, ఆ పక్కన తాసిల్దారు. మునిమాపు దాటింది, తెర వెలిగింది. ఏం కనపడిందో తెల్సా? మనుషులు. నూరు మంది! అందరికీ నల్లకోట్లే. నేను లెక్కపెట్టినా, ఫిడేళ్ళే సగానికి మించి ఉండాయి. మన మాదిరి కింద కూచోని కాలిమీద ఆనించుకోని గాదు, కుర్చీల్లో కూచోని గడ్డం కింద ఇరికించుకున్యారు. నడుమ ఒగాయన మనకు వీపు పెట్టి నిలబడినాడు, చేతిలో చిన్న పుల్ల. ఏందప్పా ఈయన, కచేరికొచ్చినోళ్ళకు వీపు చూపిస్తాడా అనుకున్యా. ఆయన పుల్ల లేపినాడు..."

ఫకీర్ సాహెబ్ ఆగాడు. ఆయన అట్లా ఆగితే మామూలుగా బీడీ కోసం. ఈసారి బీడీ అడగలేదు.

"ఫిడేళ్ళ కమాన్లన్నీ ఒగేసారి లేసినాయి. ఒగేసారి దిగినాయి. యాడో దూరంలో గాలి మొదలైనట్ల చిన్నగా వచ్చింది ఆ నాదం. వచ్చి, నా రొమ్ములో కూచుండింది. మన నాటకంలో ఏముంటాది? ఒగ ఫిడేలు, ఒగ హార్మోనియం. హార్మోనాయన గట్టిగా నొక్కితే నా ఫిడేలు నాకే ఇనపడదు. ఆడ నూరు మందిలో ఒగడు కూడా ఇంకొగన్ని మింగల్యా. నాకు ఏడుపొచ్చింది. ఇది మాత్రం కోత గాదు."

హార్మోనియం వాయించేది పాలయ్యే. ఆయన గ్లాసులోకి చూస్తూ ఒక గుక్క తాగాడు.

"ఆ బాణీ కట్టినాయన సచ్చిపోయి నూటయాభై ఏండ్లంట. రెండో రీలు ఇంకోటి. అది కట్టినాయన ఇంగా బతికే ఉండాడంట. అది పాటా గాదు, పద్యమూ గాదు. ఒగ పక్క నూనెమిల్లు తిరుగుతాండాది, ఇంగొగ పక్క ఎద్దులు బెదిరి బండిని లాక్కపోతాండాయి, ఉన్నట్టుండి అంతా నిమ్మళం. సగం జనం లేసి ఇండ్లకు పోయినారు. తాసిల్దారు ఆవలించినాడు. నేను కదల్యా. ఈ మనిషి బతికుండి ఈ శబ్దాలన్నీ చెవిలో పెట్టుకోని ఎట్ల నిద్రపోతాండాడప్పా అని వాని కోసం శానా బాధపడినా. ఆ తర్వాత ఏమైందో తెల్సా?"

"ఏమైంది?"

"ఎనక వరసలో ఇత్తడి గంగాళాలకు తోలు బిగించిన తప్పెట్లుండాయి. ఒగ్గొగటి ఈ అంగడంత. దాన్ని కొట్టినాడు చూడు! ఎండాకాలం, పెన్నలో చెమ్మ ల్యాదు. ఆ దెబ్బకు ఇసక కింద నీళ్ళు అదిరి పైకొచ్చినాయి. తెల్లారి ఆడోళ్ళు బిందెలు ఎత్తుకోని పోయినారా ల్యాదా, జమ్మలమడుగులో ఎవర్నన్నా అడగండి. తొండూరులో పండుకున్న ఎనుములు లేసి నిలబడినాయి."

"తొండూరు ఆడికి ఎంత దూరముంది మామా?"

"దూరముండబట్టే నిలబడినాయి. దగ్గరుంటే పరిగెత్తిండేవి. ఇదంతా ఒగెత్తు. మూడో వరసలో ఎర్రమీసాలాయన ఫిడేలు ఒగ తీగె శ్రుతి దిగింది. నూరు మందిలో, ఆ హోరులో, నా చెవి పట్టుకునింది! నేను ఊరికే ఉంటానా? కుర్చీలో నుంచే 'దొరా, రెండో తీగె!' అన్యా. పుల్లాయన చెయ్యి ఆపినాడు. కచేరి ఆగింది. ఎనక్కి తిరిగి నన్ను చూసినాడు."

"తెరలో నుంచా?"

"మరి యాడనుంచి? చూసి, తలొంచి సలాం చేసినాడు. ఎర్రమీసాలాయన సిగ్గుపడి తీగె బిరడా తిప్పుకున్యాడు. ఇంగ ఆ పుల్లను నా పక్క చాపినాడప్పా, 'సాయిబూ, ఈడ్నుంచి నువ్వే నడిపియ్యి' అని. తాసిల్దారు లేసి దారిచ్చినాడు. నేను పుల్ల పట్టుకున్యా. వెయ్యి మంది, వెయ్యి మందీ నా చేతివైపే చూస్తాండారు..."

"ఇందాక నూరే అన్యావే?"

"తెరలో పట్టక మిగతావోళ్ళు పక్కన నిలబడింటారు, నాకేమన్నా తెల్సా? నేను చెయ్యి లేపితే సముద్రం, దించితే నిద్రపోయే బిడ్డ. నేను సముద్రం చూళ్ళేదనుకో, అయినా అదే. ఆఖరికి పుల్ల తిరిగిచ్చేస్తాంటే ఆ పుల్లాయన ఏమన్నాడో తెల్సా? 'ఇన్నేండ్లు మేం వాయించినాం గానీ, సంగీతం ఈ పొద్దే ఇన్యాం' అన్నాడు!"

అంగడంతా నవ్వులు, కేకలు. మూల బెంచీమీద బస్సు కోసం కూర్చున్న ఖాకీ చొక్కా మనిషి ఒక్కడే నవ్వకుండా శ్రద్ధగా వింటున్నాడు. పాలయ్య గ్లాసు కింద పెట్టాడు.

"అంతా బాగుంది ఫకీరన్నా. పెట్టె తెరువు. బస్సొచ్చే లోపల ఒగ పద్యానికి వాయించు, చూద్దాం."

ఫకీర్ సాహెబ్ ముఖం వెలిగిపోయింది. ఈ మాట కోసమే కదా ఇంతసేపూ పెన్నలో నీళ్ళు తెప్పించింది! ఫిడేలు తీసి గడ్డం కింద పెట్టుకున్నాడు. కమాను ఎడమచేత్తో పట్టాడు. మాకు అర్థం కాలేదు.

"ఇదేంది మామా, ఎడమచెయ్యి?"

"అదే గదప్పా కిటుకు! నూరు మందీ ఎడమచేత్తోనే లాగినారు. ఒగనిదన్నా కుడిచెయ్యి ఉంటే నా చెవి కోసిస్తా. మనమే ఇన్నేండ్లు తప్పు చేత్తో గోక్కుంటాండాం. తీగెలు కూడా తిరగేసి కట్టినా. రెండు నెలల నుంచి దినాం ఇదే పని. మా ఇంటిది ఖమర్‌బీ నాకు తిక్క పట్టిందంటాది. చూడండి నా ఏళ్ళు." కుడిచేతి వేళ్ళు చూపించాడు. కొనలు పగిలి, నల్లగా గడ్డకట్టి ఉన్నాయి.

వాయించాడు. కమాను జారింది. మళ్ళీ పట్టాడు. అది రాగం కాదు, స్వరమూ కాదు. ముప్పై ఏళ్ళుగా ఆ ఫిడేలు విన్న మేం తలలు దించుకున్నాం. పాలయ్య తన సంచి భుజానికి తగిలించుకుని లేచాడు.

అప్పుడు ఖాకీ చొక్కా మనిషి దగ్గరికొచ్చాడు.

"నా పేరు యోహాను. ఆ కాంపౌండులోనే పనిచేస్తాండా. ఆ దినం తెర కట్టింది నేనే మామా. లోపల జాగా చాలక, బయటి జనం రోడ్డుపక్క గోడెక్కి చూసినారు. తెర వీపు ఆ గోడ పక్కకే ఉండాది, పల్చని గుడ్డ. ముందర కూచున్నోళ్ళకు అందరూ కుడిచేత్తోనే వాయించినారు. గోడమింద కూచోని తెర ఎనకపక్క నుంచి చూసినోళ్ళకే కుడి ఎడమై కనపడింటాది."

అందరూ ఫకీర్ సాహెబ్ వైపు తిరిగారు. తర్వాత అంగడి పగిలిపోయేట్టు నవ్వారు. "అయితే తాసిల్దారు కూడా గోడమీదేనా మామా!" అని లాల్ బాషా పొట్ట పట్టుకున్నాడు.

ఫకీర్ సాహెబ్ కోప్పడలేదు. బుకాయించనూ లేదు. కమానును మెల్లగా కుడిచేతిలోకి మార్చుకుని, దానివైపు కొత్తగా చూశాడు.

"కుడిచేత్తోనా?" అన్నాడు యోహానుతో.

"అవును మామా."

"నూరు మందీ?"

"నూరు మందీ."

"నా మాదిరే?" ఆయన కమాను పైకెత్తాడు. "అట్లయితే ముప్పై ఏండ్లు నేను వాయించింది వాళ్ళ చేత్తోనే గదప్పా!"

మా నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. బయట పులివెందుల బస్సు హారన్ కొడుతోంది. పాలయ్య భుజాన సంచి దించి బెంచీమీద పెట్టాడు.

"తీగెలు మార్చుకో ఫకీరన్నా. ఆ బస్సు పోనీలే, నేను కూచుంటా."