మైనస్ ఆరున్నర

1983 నవంబర్, ఆదివారం సాయంత్రం నాలుగుంపావు, మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్. టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట అయిపోయింది. డెట్రాయిట్ మూడు పాయింట్ల తేడాతో గెలిచింది. డెట్రాయిట్ మీద పందెం కాసిన భీమశంకర్ తన అత్తగారు నాగమణి చేతిలో ఓడిపోయాడు.

“మళ్ళీ ఒకసారి చూద్దాం అత్తయ్యగారూ. డెట్రాయిట్ ఇరవై నాలుగు, వాళ్ళు ఇరవై ఒకటి. గెలిచింది మనం.”

“గెలిచింది డెట్రాయిట్, అల్లుడుగారూ. ఓడింది మీరు.”

“అది కాదండీ...”

“అదే. ఇదిగో మీ శుక్రవారం పేపరు. డెట్రాయిట్ పక్కన ఏం వేశారు?”

“మైనస్ ఆరున్నర.”

“అంటే?”

“మీకు నేర్పింది నేనే కదా.”

“నేర్పినవాళ్ళు కూడా అప్పజెప్పాలి. అంటే?”

“అంటే... డెట్రాయిట్ మీద కాసినవాడు గెలవాలంటే అది కనీసం ఏడు పాయింట్ల తేడాతో గెలవాలి. ఆరున్నర తీసేసినా పైనే ఉండాలి. దాన్నే స్ప్రెడ్ అంటారు.”

“ఇరవై నాలుగులోంచి ఆరున్నర తీసేస్తే?”

“పదిహేడున్నర. తెలుసండీ. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పినావిడతో పందెం కాయడం నాదే తప్పు.”

“ముప్ఫై ఒకటి. పందెం ఏమిటో కూడా చెప్పండి, మళ్ళీ కాదనకుండా.”

“డెట్రాయిట్ ఆ ఆరున్నర దాటితే మీరు మార్చి దాకా ఇక్కడే ఉంటారు.”

“దాటకపోతే?”

“డిసెంబర్ నాలుగున విమానం ఎక్కుతారు. నేను మాట్లాడను.”

“మాట్లాడుతున్నారు.”

“ఆట గురించి మాట్లాడుతున్నాను. రెండు నిమిషాల ముందు దాకా పది పాయింట్లు పైనున్నాం. ఆ చివరి టచ్‌డౌన్ చేసి ఏడు పాయింట్లు ఎందుకు తెచ్చుకున్నారో వాళ్ళకే తెలియాలి. గెలవడానికి పనికొచ్చేది కాదది.”

“నాకు పనికొచ్చింది.”

“నవ్వకండి.”

“నవ్వడం లేదు. అర పాయింటు ఎవరూ చేయరు కదా, మరి ఆ అర ఎందుకని అడిగాను, గుర్తుందా?”

“సరిసమానం కాకుండా. ఎవరో ఒకరు ఓడాలని.”

“ఓడారు.”

“అసలు ఆ అవతలి టీమ్‌ని ఎందుకు తీసుకున్నారు మీరు? వాళ్ళ పేరు కూడా మీకు పలకడం రాదు.”

“పేరుతో నాకేం పని? ఆ అంకె ఎవరెంత బాగా ఆడతారో చెప్పేది కాదు, జనం డబ్బు రెండు వైపులా పడేట్టు వేసేది అన్నారు. అన్నారా?”

“అన్నాను.”

“సొంతూరి వాళ్ళు ఊరి టీమ్ మీద ప్రేమకొద్దీ కాస్తారు, అందుకని అంకె ఒకటో రెండో పెంచేస్తారు, పెంచిన అంకెకి ఎదురు కాయడం మొదటి పాఠం అన్నారు.”

“అన్నాను.”

“అని మీరే వెళ్ళి డెట్రాయిట్ మీద కాశారు.”

“పదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నానండీ.”

“అదే నేను లెక్కలో వేసుకుంది. ఆఫీసులో కూడా ఇలాగే కాస్తారా?”

“అందరం పందేల షీటు నింపుతాం. వారానికి రెండు డాలర్లు. మీ అమ్మాయి నళినికీ తెలుసు.”

“నళిని ఐదంది.”

“...ఐదు. ఇదేమిటండీ, పేపరు పక్కన పెన్సిల్‌తో ఈ అంకెలు? నిన్న కూడా అడిగాను. ఏం లెక్క వేశారు?”

“అది తర్వాత చూద్దురుగాని. ముందు ఒకటి అడుగుతాను. ఉండమని నోటితో అడగొచ్చుగా నన్ను?”

“ఎలా అడగను? అల్లుడి ఇంట్లో రెండు నెలలు దాటి ఉండే అలవాటు మా వైపు లేదని దిగిన రోజే ఎయిర్‌పోర్ట్‌లో అన్నారు. ఇంకా సూట్‌కేస్ కూడా రాలేదు అప్పటికి.”

“అన్నాను.”

“అడిగితే కాదంటారు. మీరు కాదంటే నళిని ఏడుస్తుంది. దాని పరీక్ష ఫిబ్రవరి చివర్లో. పాప రేణుకి మూడేళ్ళు కూడా నిండలేదు. నాకేమో ప్లాంట్‌లో పని...”

“ఓడినవాళ్ళు మాట్లాడకూడదు.”

“మాట్లాడటం లేదు. తారీఖులు చెబుతున్నాను.”

“అత్తగారిని ఇంకో మూడు నెలలు ఉండమని అడగలేక ఇరవై రెండు మందిని ఒకళ్ళ మీద ఒకళ్ళని పడేశారు.”

“పందెం ఓడి ఉండాల్సి వచ్చిందంటే మీవాళ్ళకి చెప్పుకోవడానికి వీలుగా ఉంటుందనుకున్నాను.”

“అల్లుడితో పందెం కాశానని తెనాలిలో చెప్పుకోవాలా నేను? దానికంటే ఐదు నెలలు ఉన్నానని చెప్పడమే నయం.”

“సరే. మాటంటే మాటే. నాలుగో తారీఖు ఆదివారమే. నేనే డ్రైవ్ చేస్తాను.”

“ఆట ఉండదూ ఆ రోజు?”

“ఉంటుంది. చూడను.”

“మీ రెండో పాఠం ఏమిటి, చెప్పండి.”

“ఏ పందెమూ ఖాయం కాదని.”

“అది మూడోది.”

“రెండోది... ఓడిపోతే తట్టుకోలేనిది పందెంలో పెట్టొద్దని.”

“మీరు పెట్టారు.”

“పెట్టాను.”

“నేను పెట్టలేదు.”

“అదేమిటి? ఇద్దరం ఒకటే కదా కాసింది.”

“పేపరు ఇటివ్వండి. ఈ పెన్సిల్ అంకెలేగా మీరడిగింది? లెక్క కాదిది. ఎయిర్‌లైన్స్ వాళ్ళు ఫోన్లో చెప్పిన కొత్త బుకింగ్ నంబరు. శుక్రవారం పొద్దున్న మీరు ఆఫీసుకి వెళ్ళాక చేశాను. నా టికెట్‌ని మార్చి నెల పదో తారీఖుకి జరిపారు.”