ఎనిమిదో మనిషి

మిషిగన్‌లో గ్రాండ్ రాపిడ్స్. మంగళవారం, మధ్యాహ్నం రెండు గంటలు. కంపెనీల్లో పెద్ద పదవులకి మనుషుల్ని వెతికిపెట్టే కోరా విస్సెర్ ఆఫీసు. ఆమె ఎదుట కుర్చీల ఫ్యాక్టరీ యజమాని ఆర్లన్ హోఫ్‌స్ట్రా.

“కాఫీ వద్దన్నానుగా. ఆ బాదం రొట్టె కూడా వద్దు. ముందు సంతకం పెట్టు, కోరా.”

“పెడతాను, ఆర్లన్ గారూ. చదవనివ్వండి. పదకొండేళ్ళ తర్వాత మా గుమ్మం ఎక్కారు, రెండు నిమిషాలు కూర్చోలేరా?”

“చదవడానికేముంది అందులో? మా ఫ్యాక్టరీలో నా తర్వాతి స్థానానికి ఒక మనిషి కావాలి. రేపు నేను తప్పుకుంటే నా కుర్చీలో కూర్చోగలిగిన మనిషి. నువ్వు వెతుకుతావు. అంతే.”

“మీకు కుడిభుజంలా మార్లిస్ ఉందిగా?”

“నేను ఏం అడిగానో అది చూడు.”

“చూస్తున్నాను. మార్లిస్ బాగుందా?”

“బాగానే ఉంది. నాలుగో పేజీ చూశావా?”

“చూశాను. ‘కోరా విస్సెర్ రెండేళ్ళపాటు హోఫ్‌స్ట్రా కంపెనీలో పనిచేస్తున్న వాళ్ళెవరినీ వేరే చోటికి తీసుకుపోకూడదు.’ కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశారు.”

“గీస్తాను మరి. మీ వృత్తిలో నియమమే కదా అది? ఎవరి పని ఒప్పుకుంటే వాళ్ళ మనుషుల జోలికి పోకూడదు.”

“నియమమే. మేం తప్పని నియమం అదొక్కటే.”

“ఏడుగురు, కోరా! ఏడుగురిని ఎగరేసుకుపోయావు. డిజైన్లు చూసే రెనీ, అమ్మకాలు చూసే ఆ పొడుగాయన...”

“క్లిఫర్డ్. మొన్ననే మనవడు పుట్టాడు. ఫొటో పంపాడు.”

“మనవడి ఫొటో! ఇరవై ఏళ్ళు నా ఉప్పు తిన్నవాడు నీకు ఫొటోలు పంపుతున్నాడా?”

“ఏటా వాళ్ళ పుట్టినరోజుకి ఫోన్ చేస్తాను కదా, అందుకని. మీరెప్పుడైనా చేశారా?”

“నాకు కబుర్లు చెప్పకు. మా చర్చిలో అందరూ ఏమంటున్నారో తెలుసా? ‘ఆ విస్సెర్ పిల్ల అలిగింది, ఓ పని పడెయ్యి ఆర్లన్, ఇక ఊరుకుంటుంది’ అంటున్నారు.”

“యాభై మూడేళ్ళొచ్చినా ఇంకా పిల్లనేనా? పోనీలెండి. ఇదిగో, పెట్టాను సంతకం.”

“ఏదీ, చూడనీ. తేదీ వెయ్యి.”

“వేశాను. టైము కూడా వేస్తాను. రెండూ పది. చాలా?”

“హమ్మయ్య. అయిపోయింది. ఇప్పుడివ్వు ఆ రొట్టె.”

“తీసుకోండి. ఈ క్షణం మీ ఫ్యాక్టరీలో పనిచేస్తున్న ఒక్కళ్ళనీ ముట్టుకోను. మాటిస్తున్నాను.”

“మాటెందుకు, కాగితం ఉందిగా. ఇంత సులువని తెలిస్తే ఎప్పుడో వచ్చేవాణ్ణి. చూడు కోరా, మనసులో పెట్టుకోకు గానీ, పనికోసం నువ్వే రావాల్సింది. ఊళ్ళో అన్ని గుమ్మాలూ తొక్కావు, నా గుమ్మం మాత్రం తొక్కలేదు. భయమనుకున్నాను.”

“భయం కాదు.”

“మరి? రోషమా?”

“మీ పని ఒప్పుకుంటే మీ మనుషుల్ని ముట్టుకోకూడదు కదా. అందుకని రాలేదు.”

“...అంటే?”

“అంటే అదే. మీ ఫ్యాక్టరీ విషయంలో నాకు ఏ కట్టుబాటూ ఉండకూడదు. పదకొండేళ్ళు అలా ఉంచుకున్నాను. మీ బావమరిది రెండుసార్లు పని ఇవ్వబోయాడు. తీరిక లేదన్నాను.”

“ఏడుగురినీ కావాలనే తీసుకెళ్ళావా?”

“ఒక్కొక్కరికీ మీ దగ్గరున్న దానికంటే మంచి చోటు చూశాకే. ఒక్కరు కూడా తిరిగి చూడలేదు. చూశారా?”

“ఎందుకు? నేను నీకేం చేశాను?”

“గుర్తు లేదా?”

“ఏం గుర్తుండాలి? ఎప్పుడో ఒక మనిషిని తెచ్చావు, కుదరలేదు. అంతేగా?”

“ఆ మనిషి పేరు చెప్పండి.”

“పేరా... పోలిష్ పేరు. సె... సెబు...”

“వాల్ట్ సెబుల్‌స్కీ. పదకొండేళ్ళలో ఆ పేరు కూడా మర్చిపోయారు.”

“ఆ, వాల్ట్. అయితే?”

“వాల్ట్‌ని ఉన్న కంపెనీ నుంచి కదిలించడానికి నాకు ఏడేళ్ళు పట్టింది, ఆర్లన్ గారూ. వాళ్ళమ్మ పోతే వెళ్ళి పక్కన కూర్చున్నాను. కూతురు హైస్కూలు పాసైతే వాళ్ళ గరాజ్‌లో పెట్టిన విందులో నిలబడి బంగాళాదుంపల సలాడ్ తిన్నాను. ఏడేళ్ళ తర్వాత ‘సరే కోరా, నీ మాట మీద వస్తాను’ అన్నాడు. మీకు అతని పేరు చెప్పిన రోజు నేనేం చెప్పాను?”

“ఏవో చెప్పుంటావు.”

“ఒక్కటే చెప్పాను. ‘అతని బాస్‌కి మాత్రం తెలియనివ్వకండి’ అన్నాను. చేతులు పట్టుకుని మరీ చెప్పాను.”

“వాళ్ళ బాస్ నాకు చిన్ననాటి స్నేహితుడు! ఆదివారం చర్చి అయ్యాక మాటల్లో వచ్చింది. ‘మీ సెబుల్‌స్కీ నా దగ్గరికి వస్తానంటున్నాడు, ఎలాంటివాడు?’ అన్నాను. తప్పా? ఎవరైనా కనుక్కోరా?”

“మీ నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు సాయంత్రం నాలుక్కి వాల్ట్ అట్టపెట్టె పట్టుకుని పార్కింగ్‌లో నిలబడ్డాడు. అటో గార్డు, ఇటో గార్డు. యాభై నాలుగేళ్ళవాడు. అక్కణ్ణించి నాకు ఫోన్ చేశాడు. వెంటనే నేను మీకు చేశాను. మీరేమన్నారో గుర్తుందా?”

“కోరా...”

“గుర్తుందా, లేదా?”

“ఒకడు వెళ్ళగొట్టిన మనిషిని నేను తీసుకోనన్నాను. అప్పట్లో నా పద్ధతి అది.”

“వెళ్ళగొట్టించింది మీరే. ఆ పైన ఊరంతా ఏం చెప్పుకొచ్చారు? పేరు బయటపెట్టింది కోరా అని.”

“ఎవరో అడిగారు, నోటికొచ్చింది అన్నాను.”

“సగం కంపెనీలు నా మొహం చూడ్డం మానేశాయి. రెండేళ్ళు మా వంటింటి బల్ల మీద పనిచేశాను. అది పోనీండి, నాది నేను సంపాదించుకున్నాను. వాల్ట్ ఇప్పుడేం చేస్తున్నాడో తెలుసా?”

“నాకెలా తెలుస్తుంది?”

“కిరాణా స్టోర్లో సామాన్లు సంచుల్లో వేస్తాడు. నావి కూడా వేస్తాడు. ‘గుడ్లు పైన పెట్టాను, జాగ్రత్తమ్మా’ అంటాడు. నన్ను ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. ఆయనకి కోపం లేదు. ఉంటే నాకింత ఉండేది కాదేమో.”

“సరే, తప్పయింది. అయిందేదో అయింది. ఏడుగురిని పట్టుకుపోయావు, కడుపు నిండలేదా?”

“లేదు. ఏడుగురు పోయినా మీ ఫ్యాక్టరీ నడిచింది. ఎందుకంటే మార్లిస్ ఉంది.”

“మళ్ళీ మార్లిస్!”

“మార్లిస్ ఎక్కడుంది, ఆర్లన్ గారూ?”

“ఆఫీసులో.”

“ఏ ఆఫీసులో?”

“నా దగ్గర నటించకు! నీకు తెలుసు. గురువారం నువ్వూ అదీ కలిసి భోంచేశారు. చర్చి పెద్దలు తినే చోటే, కిటికీ పక్కన కూర్చుని, పట్టపగలు! ముగ్గురు ఫోన్ చేసి చెప్పారు నాకు.”

“ముగ్గురేనా? అయిదుగురు చూశారు.”

“ఎనిమిదో మనిషిని కూడా పట్టుకుపోతావా? అదీ మార్లిస్‌నా? ఏడుగురూ నా మొహాన రాజీనామా కొట్టి పోయారు. ఎనిమిదో మనిషి మాత్రం నా చేత్తో పోవాలనుకున్నాను.”

“ఏం చేశారు?”

“పొద్దున తొమ్మిదింటికి పంపించేశాను. తాళాలు తీసుకున్నాను. నువ్వు లాక్కునే లోపు నేనే తీసేశాను. ఇప్పుడు చెప్పు, ఎవరు గెలిచారు?”

“ఏమంది?”

“ఏమంటుంది? దొంగ దొరికిపోతే ఏమంటుంది? ‘నేనేం చెయ్యలేదు, ఒక్కసారి నా మాట వినండి’ అంది. వినలేదు.”

“గార్డుని పిలిచారా?”

“...అది మా కంపెనీ పద్ధతి.”

“అవునవును. పద్ధతి.”

“అలా చూడకు. శుక్రవారం ఫ్యాక్టరీలో వాటాలున్న నా అన్నదమ్ములూ చెల్లెళ్ళూ కూర్చుంటున్నారు. నా తర్వాత ఎవరు అని అడుగుతారు. మార్లిస్ పేరు చెబుదామనుకున్నాను. ఇప్పుడు ఏ పేరూ లేకపోతే అమ్మేద్దామంటారు. మా తాత పెట్టిన ఫ్యాక్టరీ అది, కోరా. అయినవాళ్ళే ముక్కలు చేసి అమ్ముతారు. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళలో ఎవర్నో ఒకర్ని ప్రస్తుతానికి నిలబెట్టేలోపు వాళ్ళని కూడా నువ్వు ఎత్తుకుపోకుండా ఇదిగో, ఈ కాగితం తెచ్చాను. ఆలోపు నువ్వు కొత్తవాణ్ణి వెతుకు.”

“వెతుకుతాను. ఒప్పుకున్న పని చేస్తాను. కానీ వచ్చేవాడు కూర్చోగానే అడిగే మాట ఒకటుంటుంది. ‘ముందున్న మనిషి ఎందుకు పోయింది?’ అంటాడు.”

“నమ్మకద్రోహం చేసిందని చెప్పు.”

“అది అబద్ధం.”

“ఏది అబద్ధం? కలిసి తిన్నారా, లేదా?”

“తిన్నాం. ఆరేళ్ళుగా ఏటా ఒకసారి తింటున్నాం. ఆరేళ్ళుగా ఏటా ఒకటే అడుగుతున్నాను. ‘వస్తావా?’ అని.”

“చూశావా! అదే నేనంటున్నది!”

“ఆరేళ్ళుగా ఏటా ఒకటే జవాబు. ‘రాను’ అని.”

“...ఏమన్నావు?”

“రానంది. ముందు ఎప్పుడూ ఊరి బయటే కలిసేవాళ్ళం. ఈసారి కిటికీ పక్కన కూర్చుందాం అని నేనే అన్నాను. తనకి దాచేదేం లేదు కాబట్టి సరేనంది. సూప్ తాగింది. గంటసేపు మీ గురించే చెప్పింది. ‘ముసలాయనకి కోపం ఎక్కువ కానీ మనసు మంచిది, ఆయన తర్వాత ఆ ఫ్యాక్టరీ నేను నిలబెడతాను’ అంది.”

“అబద్ధం.”

“అడగండి తననే.”

“నువ్వు... కావాలని కిటికీ దగ్గర... నేను చూసేట్టు...”

“మీరు చూసేట్టు కాదు. మీతో చెప్పేవాళ్ళు చూసేట్టు. ఆ తర్వాత మీ చెయ్యి ఊరుకోదని తెలుసు. ఏం వినరనీ తెలుసు. పదకొండేళ్ళ నుంచి చూస్తున్నాను కదా మిమ్మల్ని. నా మనుషుల్ని చూసుకున్నంత జాగ్రత్తగా మిమ్మల్ని చూశాను.”

“పాములా పగబట్టావు. ఏ పాపం ఎరగని ఆడమనిషిని తీసుకొచ్చి... వాల్ట్‌కి నేను చేసిందే నువ్వు మార్లిస్‌కి చేశావు!”

“అవును. దానికి నాకు సిగ్గుగా ఉంది. తన మొహం చూసి ఆ మాట చెప్పుకోవాలి, చెప్పుకుంటాను కూడా. మీ ముందు మాత్రం సిగ్గు లేదు. మీ మొహం ఇలా చూడాలని పదకొండేళ్ళు కాచుకున్నాను. సంతోషంగా ఉంది. చెప్పకుండా ఎలా దాచుకోను?”

“ఆగు. ఆగు. ఇప్పుడే ఫోన్ చేస్తాను. తప్పయిందంటాను. వెనక్కి రమ్మంటాను. జీతం పెంచుతానంటాను. మంచి మనిషి, వస్తుంది. ఎందుకు తియ్యదు? ఎందుకు తియ్యదు ఫోను?”

“చేతులు కాలాక ఆకులెందుకు, ఆర్లన్ గారూ.”

“నువ్వు చెయ్యి! నువ్వు చేస్తే తీస్తుంది!”

“తీస్తుంది. పదకొండింటికి తనే చేసింది నాకు. ఆరేళ్ళలో మొదటిసారి. సరస్సు ఒడ్డున కుర్చీలు చేసే టెన్‌హార్ వాళ్ళున్నారు కదా...”

“టెన్‌హార్ వాళ్ళా? కుదరదు! నా దగ్గర మానేస్తే రెండేళ్ళు ఇంకో కుర్చీల కంపెనీలో అడుగుపెట్టకూడదు. రాయించుకున్నాను!”

“తనంతట తను మానేస్తే. మీరు తీసేస్తే ఆ కట్టుబాటు ఉండదు. అది కూడా మీ లాయరే రాశాడు. మార్లిస్ చదివి వినిపించింది.”

“ఈ కాగితం? నా మనుషుల్ని ముట్టుకోనని ఇప్పుడే కదా...”

“మీ దగ్గర పనిచేస్తున్న వాళ్ళని. మార్లిస్‌ని తొమ్మిదింటికే పంపేశారు. నేను సంతకం పెట్టింది రెండూ పదికి.”

“కోరా. నీ కాళ్ళు పట్టుకుంటాను. శుక్రవారం దాకా. ఒక్క శుక్రవారం దాకా ఆగమను.”

“కూర్చోండి. రొట్టె సగం అలాగే ఉంది. ఎలాగూ మీకు ఫోన్ చేద్దామనుకున్నాను, మీరే వచ్చారు. టెన్‌హార్ వాళ్ళకి పాత యజమాని మాట కావాలిట. ఫారంలో అన్నీ నింపేశాను, ఒక్క గడే ఖాళీగా ఉంది. మీరు చెప్పండి, మీ మాటల్లోనే రాసుకుంటాను. మార్లిస్‌ని మీరెందుకు తీసేశారు?”