రెండు సుడులు ఇటు, ఒక్కటి అటు

గాజు తొట్టిలో పారే నీళ్ల మధ్య నిలువు కడ్డీని మోటారు అటూ ఇటూ ఊపుతోంది. దాని వెనక రంగునీళ్లు సుడులు కడుతున్నాయి. ఈ ప్రయోగాన్ని రేపు వనపర్తి కాలేజీకి వచ్చే పెద్దలకు సౌందర్య చూపించాలి. ఆ అవకాశం తనకు దక్కలేదన్న కుళ్లుతో అఖిలకు వారం నుంచి అన్నం సయించడం లేదు.

"మొన్న ఒక దిక్కు రెండు సుడులు, ఇంకో దిక్కు ఒకటి వచ్చినయ్. ఇయ్యాల రెండు దిక్కుల ఒక్కొక్కటే వస్తున్నయ్. ఎందుకే అఖిలా?"

"నాకేం ఎర్క? ప్రయోగం నీది గద."

"నీళ్లు మెల్లగ పారుతున్నయా, జర చూడు."

"నీళ్లు మంచిగనే పారుతున్నయ్."

అది అబద్ధం కాదు. కానీ మోటారు దగ్గర స్క్రూ వదులై కడ్డీ ఊపు తగ్గిందని అఖిల రాగానే గమనించింది.

"నా మీద కోపమొచ్చిందా?"

"కోపం గాదు. సార్ నీ పేరు చెప్పంగనే కడుపు మండింది."

"నీ జాగల నేనుంటే నాకు ఇంకా ఎక్కువ మండుతుండె."

అఖిల మోటారు దగ్గరికి వెళ్లి వేలితో చూపించింది.

"స్క్రూ వదులైంది. కడ్డీని ఇంకా వెడల్పుగ ఊగనియ్యి."

సౌందర్య స్క్రూ బిగించింది. కాసేపటికి ఒక పక్క జంట సుడులు, మరో పక్క ఒంటి సుడి ఏర్పడి నీళ్లతో సాగిపోయాయి.

"వచ్చినయే! నువ్వే పట్టుకున్నవని రేపు అందరికి చెప్త."

"చెప్పకు," అంది అఖిల. "చెప్తే నీ మీద కుళ్లుకునేటందుకు నాకింకేం మిగుల్తది?"